కడవ ఇంకా ఖాళీగానే ఉంది

గాలి ఆగిన మర్నాడు

దప్పికని పుట్టించినవాడికీ, దాన్ని తీర్చేవాడికీ ఒకే దండం పెట్టి పొద్దుగుల్ల దినచర్య రాస్తున్నాను. రాసేవాడి పేరు సన్యాసి. నాకు బడి లేదు, గురువు లేడు. దాహగ్రంథమే నా బడి. అక్షరాలూ అందులోనే నేర్చుకున్నాను, తిట్లూ అందులోనే నేర్చుకున్నానంటుంది మా అప్ప. అప్ప అంటే నా తోడబుట్టిన పెద్దది, పైడమ్మ. అమ్మ పోయాక నన్ను నడుముకి కట్టుకుని పెంచిన మనిషి.

వారం పాటు ఉప్పుగాలి మా గుల్లని, మా జనమంతా ఒకే కప్పు కింద బతికే ఈ గూటిని, కొట్టి కొట్టి వదిలింది. పైకప్పు మీద చెమ్మయంత్రం గొట్టం చిట్లింది. గాలిలో తేమ పట్టి నీళ్ళు చేసిపెట్టేది ఆ యంత్రమే. అది ఆగితే పొద్దుగుల్లలో ఇరవై గడపలకి పొద్దు పొడవదు. యంత్రం బాగుచేసే కుర్రాడొకడున్నాడు, పేరు గురువులు, వాడు పైకెక్కి అతికాడు. అతకడానికి లోహం కావాలంటే మూలన పడున్న జ్ఞానయంత్రం పొట్ట కోశాడు, లోపలి బ్యాటరీ పలకలు కరిగించాడు. మెత్తటి బూడిదరంగు లోహం, వెన్నలా కరిగింది.

మా తాతల కాలంలో ఆ జ్ఞానయంత్రాన్ని ఏది అడిగినా చెప్పేదట. తెలిసినా చెప్పేది, తెలియకపోయినా అదే గొంతుతో చెప్పేది. అది మూగబోయాకే మనుషులు మళ్ళీ మనుషుల్ని అడగడం మొదలుపెట్టారు. దాని పెట్టె మీద ఇప్పుడు మా నీళ్ళ కడవ ఉంటుంది.

"ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది దొంగది," అన్నాడు గురువులు, అతుకు మీద వేలితో కొట్టి చూపిస్తూ.

ఎప్పట్లాగే పులిసిన గంజి పోసి గొట్టం లోపల పేరుకున్న ఉప్పుపొర కడిగాం. ఈ ఉదయం నీళ్ళు పడ్డాయి. మా గుల్లలో నీళ్ళకాపు అప్పది. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్ళు తెల్లవారి మొదటి చెంబుగా దిగుతాయి. అది నీళ్ళకాపు తాగాలి. బాగున్నాయంటేనే మిగతావాళ్ళు కడవలు పెడతారు. చుక్క పారబోయకూడదు. "నీళ్ళు పారబోసిన చెయ్యి నీళ్ళడిగే రోజున వణుకుతుంది" అని దాహగ్రంథం.

అప్ప చెంబు ఎత్తి ఖాళీ చేసింది. మూతి తుడుచుకుని నా వైపు చూసింది.

"ఒరే సన్నాసీ, తియ్యగున్నాయిరా!"

అందరం రుచి చూశాం. నిజమే. ఎవరో బెల్లం ముక్క జారవిడిచినట్టు, నాలిక చివర సన్నటి తీపి. ఈ మైదానంలో ఉప్పు తప్ప మరో రుచి తెలియని జనం మేం. ఆడవాళ్ళు నవ్వారు. ఒకరి కడవలో నీళ్ళు ఒకరు రుచి చూసుకున్నారు. నేనూరుకుంటానా? జ్ఞానయంత్రం పెట్టె పక్కన నిలబడి ప్రసంగం ఎత్తుకున్నాను. "ఓ దప్పిగొన్న జనమా! ఉప్పు తిన్న నోటికి తేనె పెట్టినవాణ్ణి మరవకండి!" అని గొంతు చిట్లేలా అరిచాను. అందరూ చేతులెత్తారు.

తీపి తగ్గని వారం

తీపి తగ్గలేదు. నిన్నటినుంచి నలుగురికి కడుపులో మెలి. అప్పకి ఎక్కువ. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కూర్చుంటోంది. "గంజి పడలేదు గావాల," అంటుంది, లేచి మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోతుంది.

చావడిలో అడుగుదాం అన్నాను. చావడి అంటే మైదానంలోని గుల్లలన్నిటినీ కలిపే తీగ. గుల్లకొక పలక. ఒక పలక మీద రాసింది అన్ని పలకల మీదా వెలుగుతుంది. అడిగేవాడి మర్యాద ఏమిటో మైదానంలో పుట్టిన ప్రతివాడికీ తల్లిపాలతో వస్తుంది. ఎవరైనా జవాబు చెబితే వాళ్ళని గడపలో నిలబెట్టకూడదు. పలక అడుగున కడవ బొమ్మ ఉంటుంది. అది నొక్కితే "మీ మాట మా కడవలో పోసుకున్నాం" అని అందరికీ కనిపిస్తుంది. చాలామంది చెబితే వాళ్ళలో పెద్దవారి మాట పోసుకోవాలి. ఒకసారి కడవ నిండాక ఇంకెవరూ ఆ సంగతి మీద నోరు విప్పరు. విప్పితే ఆ పెద్దాయన పోసిన నీళ్ళు పారబోసినట్టే.

"గొట్టం అతికాక నీళ్ళు తియ్యగా వస్తున్నాయి. కడుపులు మెలిపెడుతున్నాయి. ఎందుకు? ఎవరికైనా తెలుసా?" అని రాశాను.

జవాబులు గబగబా వచ్చాయి. అప్పకి చదువు రాదు కాబట్టి గట్టిగా చదివాను.

ఒకడు, "మా గుల్లలో అలా అవలేదే."

ఇంకొకడు, "ఈ మాట పోయినేడు ఎవరో అడిగారు. వెతుక్కోండి."

ఒకావిడ, "అది సరే గాని, ఆ పాతరకం యంత్రం మీరింకా ఎందుకు వాడుతున్నారు?"

మరొకడు, "తియ్యటి నీళ్ళకి ఏడ్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. మాకు పంపండి."

అందరికంటే ముందు వచ్చింది ఒంటిగుల్ల దాలయ్య తాత జవాబు. "యంత్రం ఆపండి. కాసేపు ఆగండి. మళ్ళీ మొదలెట్టండి. అంతే నాయనా."

దాలయ్య తాతది ఎప్పుడూ ఇదే జవాబు. కప్పు కారుతోందన్నా ఇదే, మేక పాలివ్వటం లేదన్నా ఇదే. పోయినేడు ఒకావిడ మొగుడు మాట్లాడటం మానేశాడని అడిగితే దానికీ ఇదే చెప్పాడు.

అప్ప కడుపు పట్టుకునే నవ్వింది. "మొగుణ్ణి ఆపీసి మళ్ళీ మొదలెట్టాలేటి?"

నవ్వుతూనే చెయ్యి చాపి కడవ బొమ్మ నొక్కేసింది. నేను పలక లాక్కునేలోగా అయిపోయింది.

"అప్పా! ఏం చేశావు?"

"ఏటి సేసినాను? పెద్దాయన సెప్పినాడు గదా. గడపలో నిలబెడతావేటి?"

"ఆయన చెప్పింది దేనికి పనికొస్తుంది? కడవ నిండిందని చూస్తే ఇంక ఎవరు మాట్లాడతారు?"

"పోనీరా. ఆ గుల్లలో ఒక్కడే ఉన్నాడు పాపం. గోడలకి సెప్పుకోలేక మనకి సెప్తన్నాడు. రేపో ఎల్లుండో నీళ్ళు వాటికవే బాగుపడతాయిలే."

పలక మీద జవాబులు ఆగిపోయాయి. చావడిలో వేరే ఎవరో మేకలకి పుండ్లు పడ్డాయని అడుగుతున్నారు.

అప్ప చెంబు జారవిడిచిన రోజు

వాటికవి బాగుపడలేదు. ఈ ఉదయం అప్ప మొదటి చెంబు ఎత్తబోతే మణికట్టు వాలిపోయింది. చెయ్యి చాపితే అరచెయ్యి వాడిన ఆకులా కిందికి వేలాడుతుంది, పైకి లేవదు. చెంబు నేల మీద పడి నీళ్ళు ఇంకిపోయాయి. అప్ప తన చేతిని కాకుండా ఇంకిపోయిన తడినే చూసింది.

"పాపం తగుల్తాదిరా," అంది.

రెండో చెంబు పట్టి రెండు చేతులతో నేనే తాగించాను. నేనే! ఈ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను. గ్రంథం చెప్పినట్టు మొదటి చెంబు నీళ్ళకాపు తాగాలి కదా అని, నా చేతులతో పట్టి మరీ తాగించాను. తాగుతుంటే పెదవి పైకి లేచింది, చిగుళ్ళ అంచున సన్నటి నీలిగీత కనిపించింది. కాటుకపుల్లతో గీసినట్టు.

మళ్ళీ అడుగుతానన్నాను. నిండిన కడవ మీద మళ్ళీ అడగడం మైదానంలో ఎవరూ చెయ్యని పని. గురువులు కూడా తల అడ్డంగా ఊపాడు.

"బాగోదు సన్నాసన్నా. దాలయ్య మాట సాలదు అన్నట్టుంటాది."

"చాల్లేదు మరి!"

"సాల్లేదు. అయినా అలా అనకూడదు గదా."

అలా అనకూడదు కాబట్టి ఎలా అనాలో మాలో ఒక్కడికీ తెలియదు. చావడిలో కడవ నిండిందని చెప్పడానికి మాట ఉంది, బొమ్మ ఉంది. నిండలేదని చెప్పడానికి మాటా లేదు, బొమ్మా లేదు. ఇన్నేళ్ళలో ఒక్కరికీ అవసరం పడలేదా? పడే ఉంటుంది. పడ్డవాళ్ళు నోరు మూసుకుని కడవ నొక్కి, ఇంట్లో కూర్చుని ఏడ్చి ఉంటారు.

నేను రాశాను. "మళ్ళీ అడుగుతున్నాను. మా అప్ప చెయ్యి పడిపోయింది. చిగుళ్ళకి నీలిగీత వచ్చింది. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి."

ఎవరూ మా గడపకి రాలేదు. మధ్యాహ్నానికి ఒకే ఒక్క జవాబు వెలిగింది. చదివాను.

"యంత్రం ఆపండి. కాసేపు ఆగండి. మళ్ళీ మొదలెట్టండి. అంతే నాయనా. భయపడకండి."

అప్పుడు నాలో లేచినదాన్ని గ్రంథంలో అగ్ని అంటారు. నేను కూడా అగ్నే అనుకున్నాను.

"దాలయ్యా!" అని రాశాను. తాత అనలేదు. "ఉప్పు నీటిని ఉప్పు అన్నవాడే నా సేవకుడని వ్రాయబడి ఉంది. విను. నీ మాట ఉప్పు. దాహమన్నవాడి నోట్లో పిడికెడు ఉప్పు కొడుతున్నావు. తెలియనివాడు ఊరుకుంటే దప్పిక మిగులుతుంది. తెలియనివాడు మాట్లాడితే ప్రాణం పోతుంది. నీ గుల్లలో నీ మాట వినేవాళ్ళు లేరు కాబట్టి మా చావు మీద కూర్చుని మాట్లాడుతున్నావు. ఇంక నోరు మూసుకో!"

పంపేశాను. గుల్లంతా వినేలా చదివాను కూడా. ఎవరూ చేతులెత్తలేదు.

అప్ప గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. "ముసిలోడితోనేట్రా నీ యుద్ధం?" అంది. అంతే అంది.

బోర్లించిన కడవలు

పలక మీద మా గుల్ల పేరు పక్కన బోర్లించిన కడవ బొమ్మ వెలిగింది. ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత వరసగా. చావడిలో అది వెలి. పెద్దవాణ్ణి గడపలో తిట్టిన ఇంటికి ఎవరూ జవాబివ్వరు.

అప్ప చేసిన మర్యాద ఒక తలుపు మూసింది. నేను చేసిన అమర్యాద రెండో తలుపు మూసింది. నేననుకున్నాను, నిజం చెప్పినవాడికి మూడో తలుపు తెరుచుకుంటుందని. గ్రంథమంతా తిప్పాను. ఉప్పుని ఉప్పనమంది గాని, ఉప్పు తెచ్చినవాణ్ణి ఏమనాలో ఎక్కడా లేదు.

ఇప్పుడు గుల్లలో సగంమందికి కడుపునొప్పి. పిల్లలకి తిండి సయించదు. వేరే నీళ్ళు లేవు. ఆ వారపు గాలి ఆగినా గాలికాలం పోలేదు, మైదానం దాటి ఇంకో గుల్లకి నడవడానికీ లేదు, ఊపిరి నిలవదు. తాగకపోతే చస్తాం, తాగితే ఏమవుతామో తెలియదు. తీపి చూసి మురిసిన జనానికి ఇప్పుడు కడవ వైపు చూడాలంటే భయం. నేను ప్రసంగం మానేశాను. ఎవరూ అడగలేదు కూడా.

అప్ప ఒక పూట తెలివిగా ఉంటుంది, ఒక పూట మమ్మల్ని పోల్చుకోదు. నన్ను చూసి "అమ్మొచ్చిందేటిరా?" అని అడిగింది. ఈ మధ్యాహ్నం తెలివిగా ఉంది. పలక తెమ్మంది.

"దాలయ్య తాత పొద్దున్నే దండాలెట్టినాడా?"

తాత రోజూ తెల్లవారగానే చావడికంతటికీ "అందరికీ దండాలర్రా" అని పెడతాడు. దానికి ఎవరూ జవాబివ్వరు. అది నిత్యం కనబడేదే కాబట్టి ఎవరి కంటికీ ఆనదు. నేను పలక వెనక్కి జరిపి చూశాను. నేను తిట్టిన రోజునుంచి ఆ దండం లేదు.

"పెట్టలేదప్పా."

"నిన్న?"

"నిన్నా లేదు."

అప్ప పెదవులు తడుపుకుంది. "సచ్చిపోయినాడేమో సూసినావా?"

నా అప్ప ప్రాణం కోసం నేను అరుస్తుంటే, నా అప్ప నేనెవరి మీద అరిచానో ఆయన ప్రాణం కోసం అడుగుతోంది.

అప్ప చెప్పించిన మాట

ఈ ఉదయం లేవగానే నన్ను పిలిచింది. గొంతు గాలిలా ఉంది.

"రాయి. ముందు తాతా అనెట్టు."

పెట్టాను.

"నువ్వు సెప్పినట్టు సేసినాం అను."

"మనం చెయ్యలేదు గదప్పా. అది పనికిరాదని తెలుసు కదా."

"సెయ్యకుండా పనికిరాదని ఎలాగన్నావురా, అంత కేక లేసినావు? ఐతే ముందు సెయ్యి. ఆ తరవాత రాయి."

గురువుల్ని పిలిచాను. వాడు నా మొహం, అప్ప మొహం మార్చి మార్చి చూశాడు. ఏమీ అనకుండా పైకెక్కి యంత్రం ఆపాడు. గొట్టం చిట్లిన రోజు కూడా ఆగని ఆ చప్పుడు ఆగితే ఎలా ఉంటుందో మేం ఎప్పుడూ వినలేదు. ఇరవై గడపలవాళ్ళం కాసేపు కూర్చున్నాం. ఒంటిగుల్లలో రోజంతా ఇలాగే ఉంటుందేమో అనిపించింది. మళ్ళీ మొదలుపెట్టాం. నీళ్ళు పడ్డాయి. ఈసారి నేను రుచి చూశాను. తీపి.

"తియ్యగానే ఉన్నాయి," అన్నాను.

"అదే రాయి. అబద్ధం ఒద్దు. అలాగని తిట్టూ ఒద్దు." అప్ప ఒక్కో మాటకీ ఆగింది. నేను రాస్తూ పోయాను.

"తాతా, నువ్వు చెప్పినట్టు చేశాం. ఆపి, ఆగి, మళ్ళీ మొదలెట్టాం. నీళ్ళింకా తియ్యగానే ఉన్నాయి. మా కడవ ఇంకా ఖాళీగానే ఉంది. నువ్వు రెండుసార్లు మా గడపకొచ్చావు, ఇంకెవరూ రాలేదు, అది మరిచిపోం. నా తమ్ముడు నోరు పారేసుకున్నాడు. చెయ్యి నా మాట వింటే నెత్తి మీద మొట్టేదాన్ని, చెయ్యి లేవటం లేదు. ఇంకెవరికైనా తెలిసి ఉంటే చెప్పండి. తాత నొచ్చుకోడు. నొచ్చుకుంటావా తాతా? పైడమ్మ."

పంపాను. బోర్లించిన కడవలు వరసగా అలాగే ఉన్నాయి. అప్ప కళ్ళు మూసుకుంది. నేను గ్రంథం తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను, చదవలేదు.

పొద్దెక్కాక ఒంటిగుల్ల పేరు వెలిగింది.

"అమ్మా పైడమ్మా, దండాలు. నానేటి నొచ్చుకోను. నాకొచ్చింది ఆ ఒక్క ముక్కే. మా ఆడది సచ్చిపోయినప్పుడు ఒకడు నాకు సెప్పిన ముక్క అది. ఆ రోజు నాకు పనికొచ్చింది, అందుకే అందరికీ సెప్తన్నాను. మీ కడవ నిండనేదు, అది నాకు కనిపిస్తంది. ఒరే, తెలిసినోళ్ళెవరైనా ఉంటే సెప్పండర్రా. నాను గడపలోంచి జరిగి కూకున్నాను. దారి ఇచ్చినాను."

ఆ మాట ఇంకా వెలుగుతూ ఉండగానే కొసగుల్ల పేరు వెలిగింది. నూకాలు అనే ఆవిడ. ఇంతకుముందు ఎన్నడూ వినలేదు.

"పైడమ్మక్కా, గొట్టం దేంతో అతికారు? మెత్తటి బూడిదరంగు లోహమా? పాత బ్యాటరీలోదా? అది సీసం. పులిసిన గంజితో కడిగితే సీసం కరిగి నీళ్ళలోకి దిగుతుంది, తియ్యగా ఉంటుంది, విషం. ఆ అతుకు ఇప్పుడే కోసి పారెయ్యండి. లక్కతో అతకండి. గంజితో కడగొద్దు. రాత్రి నిలిచిన మొదటి చెంబు ఎవరూ తాగొద్దు, విషమంతా అందులోనే ఉంటుంది, పారబొయ్యండి. కొద్దిగా తాగినవాళ్ళు నెమ్మదిగా కోలుకుంటారు. మొదటి చెంబు ఎవరు తాగుతున్నారు?"

ఎవరు తాగుతున్నారు!

గురువులు అప్పటికే పైకెక్కి అతుకు కోస్తున్నాడు. పైనుంచి ఏడుపు వినిపిస్తోంది. నేను ఒక్కటే అడిగాను. "నూకాలమ్మా, నీకిది ఎప్పటినుంచి తెలుసు?"

చాలాసేపటికి జవాబొచ్చింది.

"మా గుల్లలో ఇద్దరు పోయాక తెలిసింది అన్నయ్యా. మీరు మొదటిసారి అడిగినప్పుడే చూశాను. జవాబు సగం రాశాను. ఈలోగా మీ కడవ నిండిందని వెలిగింది. పెద్దాయన మాట పోసుకున్నారు కదా, పైన మాట్లాడితే బాగుండదని తుడిచేశాను. రెండోసారి అడిగినప్పుడు కూడా రాశాను. మీరు ఆయన్ని తిట్టింది చూసి భయమేసింది. నా మాట తప్పైతే నన్నేమంటారో అని. మళ్ళీ తుడిచేశాను."

అప్ప వింటోంది. చదివి వినిపించకుండా ఉండాల్సింది. కానీ నా గొంతుకి అలవాటు, వెలిగినదల్లా చదివేస్తుంది.

"నూకాలుకి రాయి," అంది అప్ప. "మీ మాట మా కడవలో పోసుకున్నాం."

నేను ఆ బొమ్మ నొక్కలేదు. అప్ప వాలిన చెయ్యి పట్టుకుని, తన వేలితోనే నొక్కించాను.

లక్క ఆరిన రోజు

నీళ్ళు మళ్ళీ చప్పగా వస్తున్నాయి, చివర్న ఉప్పు. పిల్లలకి ఆకలి తిరిగొస్తోంది. తీపి పోయిందని ఒక చిన్నది ఏడ్చింది. వాళ్ళమ్మ దాన్ని ఎత్తుకుని ముద్దులాడుతూ తనూ ఏడ్చింది.

అప్ప పోయింది. చివరి పూట మాట్లాడలేదు. ఒళ్ళు బిగుసుకుని, వదిలి, మళ్ళీ బిగుసుకుని, వదిలింది. నేను పక్కన కూర్చుని దాహగ్రంథం మొదటి పుట చదివాను. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించడానికి అప్ప ఆ పుట మీద నా వేలు పట్టుకుని నడిపించేది. తనకి ఒక్క అక్షరం రాదు. బొమ్మ ఏదో గీత ఏదో తెలియకుండానే, నా వేలు పుట దాటకుండా మాత్రం చూసేది. ఆ పుటలోనే ఉంది. "అడిగినవాడు సిగ్గుపడతాడు. చెప్పినవాడు భయపడతాడు. ఇద్దరి మధ్యా కడవ పెట్టండి."

ఈ వాక్యం మీద నేనెన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. కడవ పెట్టండి అంది గ్రంథం. నిండిందని చెప్పమని ఎక్కడంది? ఖాళీ కడవ చూపించడానికి అప్పకి గ్రంథం అక్కర్లేకపోయింది, నాకు అప్ప పోవాల్సివచ్చింది. జనమా, నన్ను చూసి నేర్చుకోండి, లేదా నేర్చుకోకండి, నాకిప్పుడు కేక వెయ్యడానికి గొంతు లేదు.

గురువులు రెండు రోజులు తిండి తినలేదు. "నానే గదా అతికాను," అంటాడు. "నేనే గదా తాగించాను," అన్నాను. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం.

ఖాళీ కడవ

బోర్లించిన కడవలు ఒక్కొక్కటే లేచాయి. మొదట లేచింది ఒంటిగుల్లది.

కొసగుల్ల వాళ్ళు పలక అడుగున రెండో బొమ్మ కలిపారు. అంచు దాకా తెల్లగా ఉండే కడవ, అడుగున ఏమీ లేదు. అది నొక్కితే అప్ప మాటలే వెలుగుతాయి. "మీరు చెప్పినట్టు చేశాం. మా కడవ ఇంకా ఖాళీగానే ఉంది. మీరు మా గడపకొచ్చారు, మరిచిపోం." మొదట ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నిన్న మేకల పుండ్లావిడ నొక్కింది. వెంటనే ముగ్గురు మాట్లాడారు. ఒకరి మాట పనికొచ్చింది.

నీళ్ళకాపు ఇప్పుడు నాది. తెల్లవారగానే మొదటి చెంబు పడతాను. నూకాలు చెప్పినట్టు దాన్ని పారబోస్తాను. నీళ్ళు పారబోసే చెయ్యి వణుకుతుందని గ్రంథం, నిజమే, వణుకుతుంది. గుల్ల వెనక అప్పని పెట్టిన మట్టి మీద పోస్తాను. అది వెంటనే తాగేస్తుంది.

ఈ ఉదయం పోసి వచ్చాక కూడా చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఎవరికో ఇవ్వాలన్నట్టు చెయ్యి చాచి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, గురువులు వచ్చి చెంబు తీసుకున్నాడు. అప్పుడు చావడిలో అడిగాను. ఇది అడిగే సంగతి కాదని తెలుసు. అయినా అడిగాను.

"మా అప్ప పోయింది. పొద్దున్నే చెంబు పడితే చెయ్యి దానంతటదే ఆమె వైపు పోతోంది. ఏం చెయ్యాలి?"

జవాబులొచ్చాయి. ఒకరు, "మా గుల్లలో కూడా ఒకరు పోయారు." ఒకరు, "కాలమే మందు." ఒకరు, "చెంబు మార్చి చూడండి." నూకాలు ఏదో రాస్తున్నట్టు పేరు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. "నాకు తెలియదు అన్నయ్యా," అని వచ్చింది.

చివరికి ఒంటిగుల్ల.

"దండాలు నాయనా. ఆపు. కాసేపు ఆగు. మళ్ళీ మొదలెట్టు. అంతే నాయనా."

గురువులు పక్కన పెట్టిన చెంబు బోర్లించాను. యంత్రం చప్పుడు వింటూ గోడకి ఆనుకుని కూర్చున్నాను, అప్ప కూర్చునే చోట. ఎండ గుల్ల కప్పు మీదికి ఎక్కింది. జనం కడవలతో వచ్చి, నన్ను చూసి, వరసలో నిలబడ్డారు. కాసేపు ఆగాను. లేచి వాళ్ళ కడవలు నింపాను.

తర్వాత పలక తీసుకుని నా చేత్తో రాశాను, బొమ్మ నొక్కలేదు.

"తాతా, నువ్వు చెప్పినట్టు చేశాను. కడవ ఇంకా ఖాళీగానే ఉంది. రేపు పొద్దున్న కూడా దండాలు పెట్టు."